అడిగి వదిలేయకు

చెన్నై

చిట్టితల్లీ,

నగర పథకాల మీద జనం అభిప్రాయాలు సేకరించే ఉద్యోగంలో చేరావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. ఈ ఊళ్ళో ఆ పనికి ఇప్పుడు బరువు పెరిగింది. 2021 సెప్టెంబరులో ప్రపంచ బ్యాంకు చెన్నై సేవల కోసం 15 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. నీళ్ళు, మురుగు, చెత్త, బస్సులు, ఆరోగ్యం అన్నీ అందులోవే. ఫలితం చూపించాకే డబ్బు విడుదలయ్యే పద్ధతి అది. ఫలితం వచ్చిందో లేదో తెలిసేది బిందె పట్టుకుని కుళాయి దగ్గర నిలబడ్డ ఇల్లాలికి. ఆమె మాట రాసుకొచ్చేది నువ్వు.

నేను చెప్పేది ఒక్కటే. అడిగి వదిలేయకు. తన మాట ఏమైందో మళ్ళీ వెళ్ళి ఆమెకే చెప్పు.

కార్పొరేషన్ 1913కి ఫోన్ చేస్తే ఫిర్యాదుకు నంబరిస్తారు. మంచి ఏర్పాటే. కానీ ఏ ఆఫీసులోనైనా రిజిస్టరులో ఫిర్యాదు ముగియడం వేరు, వీధిలో కష్టం తీరడం వేరు. తీరిందో లేదో చెప్పగలిగేది ఫిర్యాదు చేసినవాళ్ళే. వాళ్ళను రెండోసారి పలకరించేవాళ్ళు తక్కువ.

మనవైపు ఉపాధి హామీ సామాజిక తనిఖీలు ఎలా జరిగాయో శ్రద్ధగా తెలుసుకో. 2005 నాటి చట్టంలో 17వ సెక్షన్ ఆ పనిని గ్రామసభకు అప్పగించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లోనే దాన్ని మొదలుపెట్టింది, 2009లో అందుకోసం ప్రత్యేకంగా ఒక సొసైటీనే ఏర్పాటు చేసింది. కూలి కుటుంబాల్లో చదువుకున్న పిల్లలకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపారు. మస్టర్లో, అంటే హాజరు పట్టీలో, నీ పేరున ఇన్ని రోజులు రాశారు, నిజంగా చేశావా? ఇంత కూలి రాశారు, చేతికొచ్చిందా? ఆ జవాబుల్ని గ్రామసభలో, ఆ తర్వాత మండల ప్రజావేదికలో, అధికారుల ఎదుటే చదివి వినిపించారు. తేలిన సొమ్మంతా వసూలు కాలేదు, ఆ లోటు ఉంది. అయినా నాకు ఆ చదివి వినిపించడమే అన్నిటికంటే గొప్పగా తోస్తుంది. తన మాట ఎక్కడిదాకా వెళ్ళిందో కూలి మనిషి తన చెవులతో విన్నది.

బెంగళూరులో శామ్యూల్ పాల్ అనే ఆయన 1994లో ప్రభుత్వ సంస్థలకు పౌరుల చేత మార్కులు వేయించారు. ఆ సర్వే 1999లో, 2003లో మళ్ళీ జరిగింది. మళ్ళీ అడుగుతారని తెలిసినప్పుడే ఆఫీసులు కదులుతాయి.

ఎవరూ ఫిర్యాదు చేయలేదు కాబట్టి ఫలానా వీధి బాగుందని మాత్రం రాయకు. పెరుంబాక్కం లాంటి పునరావాస కాలనీల్లో ఒక పూట కూలి పోగొట్టుకుని ఆఫీసుకు ఎవరొస్తారు? సాయంత్రం పూట నువ్వే వెళ్ళు. ఈ ఊళ్ళో పారిశుద్ధ్య పని చేసే కుటుంబాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు తరతరాలుగా ఉన్నారు. వాళ్ళ గడపలో నీ తమిళ ప్రశ్నల కాగితం మడిచి సంచిలో పెట్టి, తెలుగులో పలకరించు. కాగితంలో లేని ప్రశ్నలకు కూడా జవాబులు వస్తాయి.

నీళ్ళ బోర్డు మెట్రోవాటర్ ఏరియా ఆఫీసుల్లో నెలనెలా రెండో శనివారం ఫిర్యాదులు వినే ఓపెన్ హౌస్ పెడతారు. ఈసారి పొద్దున్నే వచ్చెయ్, ఇద్దరం వెళ్దాం. ఏయే వీధులవాళ్ళు వచ్చారో రాసుకో. జాబితాలో లేని వీధులకు సోమవారం నుంచి నువ్వు వెళ్ళు.

ప్రేమతో,
పెద్దమ్మ