పెరటితోట – కోతుల బెడద

పల్లెటూరి గృహస్థునకు పెరడు రెండవ వంటయిల్లు వంటిది. బావిగట్టున నొక అరటిపిలక, గోడప్రక్కను మునగచెట్టు, పందిరిమీద బీర, కాకర, చిక్కుడు పాదులు, పాకమీదికి ప్రాకిన ఆనపతీగ, మూలను జామచెట్టు ఉన్నచో ఆ యింటి ఇల్లాలు కూరకై అంగడికి పోవలసిన పనిలేదు. అంట్లు తోమిన నీరు, స్నానము చేసిన నీరు చిన్న కాలువగా పోయి పాదులకు చేరును. పశువుల పేడయే ఎరువగును. ఇంటివారు తినగా మిగిలిన కాయలను ఇరుగుపొరుగు వారికి పంచిపెట్టుదురు. కావున పెరడు కడుపు నింపుటయే కాక మనుష్యుల నడుమ మంచిని గూడ పెంచుచుండెను. అట్టి పెరళ్లు నేడు అనేక గ్రామములలో పాడుపడి యున్నవి. నీరు లేక గాని, మనుష్యులు సోమరులై గాని అట్లు జరుగలేదు. కోతుల బెడదయే దానికి ముఖ్యకారణము.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములు పూర్వము వరంగల్లు జిల్లాలో చేరియుండెడివి. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన అవి వేరు జిల్లాల కేంద్రము లయ్యెను. ఈ మూడింటి నేలలు ఒకే విధమైనవి కావు. జనగామ మెట్టప్రాంతము; రాతిగుట్టలును, చెరువులును అచ్చట విస్తారము. భాగవతమును తెనిగించిన పోతన సేద్యము చేసికొని జీవించెనని జనులు చెప్పుకొను బమ్మెర గ్రామము ఈ జిల్లాలోనిదే. మానుకోట యని జనులు పిలుచు మహబూబాబాదు మిరపకును, పత్తికిని పేరుపొందినది. గూడూరు, కొత్తగూడ వైపున దానికి అడవి కలదు. భూపాలపల్లి నేలక్రింద బొగ్గు, నేలపైన అడవి కలవు. దాని ఉత్తరపుటెల్లయందు గోదావరి ప్రవహించును. నేలలు వేరైనను, ఏ యూరి రైతు నడిగినను ఒక్క మాటయే వినవచ్చును: “కోతులు బ్రతుకనిచ్చుట లేదు.”

ఈ బెడద యెట్టిదో పట్టణములలో నివసించువారికి సులభముగ బోధపడదు. పల్లెలో తెల్లవారగనే ఇల్లాలు వాకిలి ఊడ్చి కల్లాపి చల్లి ముగ్గు పెట్టును. తరువాత చేయవలసిన మొదటి పని వంటయింటి తలుపు మూయుట. పప్పు ఎండబోయవలె నన్నచో ముసలమ్మ యొకతె కఱ్ఱ పట్టుకొని మంచముమీద కూర్చుండవలెను. వడియములు, చింతపండు, మిరపకాయలు ఏవి ఎండబెట్టినను కావలి తప్పదు. క్షణకాలము కన్నుమరల్చినచో చాట యుండును గాని చాటలోని సరకు ఉండదు. గూనపెంకుటింటి వారి కష్టము మరియు నెక్కువ. కోతులు పైకప్పుమీద ఒకదాని నొకటి తరుముకొనుచు పెంకులను జార్చివేయును. వానకాలము రాకముందే కప్పు నేయించుకొన్న పేదవాని యింటిలో మరల వాన కురియును.

కోతి దొంగతనమునకు ప్రకృతి యిచ్చిన సాధన మొకటి కలదు. దాని రెండు దవడలలోను సంచులవంటి తిత్తులుండును. దొరికిన గింజలను నమలక ఆ తిత్తులలో కుక్కుకొని అది పారిపోవును. సురక్షితమైన చోట కూర్చుండి తీరికగా తినును. అందుచే మనము కఱ్ఱ తీసికొని వచ్చులోపలనే దాని పని ముగియును. అది తినునది కొంచెము, పాడుచేయునది అధికము. పిందెను కొరికి రుచి చూచి పారవేయును. ఒక కాయకొరకు తీగనంతయు లాగివేయును. మక్కజొన్న చేనిలో ప్రవేశించిన గుంపు పాలకంకులను విరిచి, సగము తిని, సగము నేలపాలు చేయును. పల్లికాయ మొక్కను పెరికి కాయలను రాల్చుకొనును.

ఇందువలన కలిగిన నష్టము చిన్నది కాదు. పల్లి, మక్క, కూరగాయలు వేయుట మానుకొని పత్తి వంటి పంటల వైపు మరలిన రైతులు పెక్కురు కలరు. పత్తిని అమ్మి డబ్బు తెచ్చుకొనవచ్చును గాని కూరగా వండుకొనుటకు వీలులేదు. ఒకప్పుడు కూరగాయలను సంతకు పంపిన పల్లెవాడు నేడు సంతనుండి కూరగాయలు కొని తెచ్చుకొనుచున్నాడు. కూలిచేసి బ్రతుకు కుటుంబమున కూర కొనుటకు డబ్బు చాలనినాడు పిల్లలు పచ్చడి మెతుకులతో బడికి వచ్చుచున్నారు. పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము అన్న సామెత ఇచ్చట చక్కగా వర్తించును.

మనము కోతియని పిలుచు జంతువు ఒకే జాతిది కాదు. తలమీది వెండ్రుకలు నడినెత్తినుండి నలువైపులకు పరచుకొని టోపీ పెట్టినట్లు కనబడు, పొడవైన తోకగల కోతి దక్షిణభారతమునకే చెందినది. దీనిని బానెట్ మకాక్ అందురు. తోక కురుచగా ఉండి, పిరుదుల వైపు ఎఱ్ఱదనము గలది రీసస్ మకాక్. ఇది ఉత్తరదేశపు కోతి. పూర్వము ఈ రెండింటికిని ఇంచుమించుగా గోదావరియే ఎల్లగా నుండెడిది. కాలక్రమమున ఉత్తరపు కోతి దక్షిణమునకు వ్యాపించుచున్నదని శాస్త్రజ్ఞులు గుర్తించిరి. ఇక నల్లని మొగము, మిక్కిలి పొడవైన తోక గల కొండముచ్చు వేరొక జాతి. దానికి దవడతిత్తులు లేవు. ఆకులు దానికి ముఖ్యాహారము.

కోతులు ఊళ్లలోనికి ఎందుకు వచ్చినవి? అడవిలో మర్రి, రావి, మేడి, జువ్వి చెట్లు వేర్వేరు కాలములలో కాచుచు ఏడాది పొడుగునను వానికి ఆహార మిచ్చును. నేరేడు, తునికి, మొఱ్ఱి, సీతాఫలములు ఋతువు ననుసరించి లభించును. అడవులు పలుచబడిన కొలదియు ఈ పండ్లు తగ్గిపోయినవి. బాటలను వెడల్పు చేయునప్పుడు ఇరుప్రక్కల నున్న పాత మర్రిచెట్లు కూలినవి. గుట్టలను పగులగొట్టి రాయి తీయుటచే వాని నివాసములు చెడినవి. ఇది యొక కారణము.

రెండవ కారణము మన చేతులలోనే కలదు. దేవాలయములకు పోవువారు పుణ్యమని కోతులకు అరటిపండ్లు, కొబ్బరిముక్కలు పెట్టుదురు. అడవిబాటను పోవువారు బండి నిలిపి రొట్టెలు విసరుదురు. తినగా మిగిలిన అన్నమును వీధిచివర పారబోయుదురు. అడవిలో దినమంతయు వెదకినను దొరకని ఆహారము ఊరిలో గడియసేపటిలో దొరకునప్పుడు కోతి అడవికి ఏల పోవును? ఆహారము సమృద్ధిగా దొరికినకొలది వాని సంతతియు పెరుగును. దయతో మనము పెట్టిన పండే రేపు పొరుగువాని తోటకు చేటు తెచ్చుచున్నది.

బాధపడిన మనుష్యుడు ఒక్కొక్కప్పుడు తప్పుదారి త్రొక్కును. 2020వ సంవత్సరము నవంబరు మాసమున మహబూబాబాదు జిల్లా శనిగపురము వద్ద నలుబది వరకు కోతుల కళేబరములు సంచులలో కనబడినవి. విషప్రయోగము జరిగియుండునని అటవీశాఖవారు అనుమానించిరి. ఈ వార్త విని దేశమంతట జనులు బాధపడిరి. పంట కోల్పోయిన రైతు దుఃఖము నిజమైనదే. కాని విషము దానికి మందు కాదు. విషము తిని చచ్చిన జంతువును తిన్న కుక్కలు, కాకులు, గ్రద్దలు గూడ చచ్చును. విషము కలిసిన నీరు పశువులకును, పసిపిల్లలకును ప్రమాదము. జంతువులకు విషము పెట్టుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము.

చేనిచుట్టు తీగలు కట్టి తిన్నగా విద్యుత్తు ప్రసరింపజేయుట అంతకంటె ఘోరమైనది. అడవిపందులకని పన్నిన తీగలకు తగులుకొని రైతులును, బాటసారులును, పశువులును ప్రాణములు విడిచిన ఉదంతములు ఏటేట వినబడుచున్నవి. 2024వ సంవత్సరము ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా కాటారము మండలపు అడవిలో, వన్యమృగములకై అమర్చిన తీగ తగిలి విధినిర్వహణలో నున్న ఒక పోలీసు జవాను మరణించెను. తీగకు మృగమెవరో మనిషియెవరో తెలియదు గదా!

కొండముచ్చును జూచిన కోతులు బెదరునని కొందరు దానిని తెచ్చి త్రాటితో కట్టివైతురు. కొండముచ్చు 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే రక్షింపబడిన జంతువు. దానిని బంధించుట నేరము. కోతులను పట్టించి మరియొక ఊరి పొలిమేరలో విడుచుట వేరొక పద్ధతి. దీనివలన మన బెడద పొరుగూరికి చేరునే కాని తీరదు. ఆహారము దొరకు చోటు ఖాళీ యయినచో మరియొక గుంపు వచ్చి అచ్చట నిలుచును.

అట్లయిన చేయవలసినదేమి? హైదరాబాదు రాజేంద్రనగరమున గల ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయములో పంటలకు హానిచేయు పక్షులను, జంతువులను గూర్చి పరిశోధన జరుగుచున్నది. అడవిపందుల విషయమున అచ్చటి శాస్త్రజ్ఞులు సులభోపాయములను సూచించిరి. మక్కచేని చుట్టును ఆముదము దట్టముగ వేసినచో దాని వాసనలో మక్కవాసన మరుగుపడును. పల్లిచేని చుట్టును ముండ్లుగల కుసుమ వేసినచో పందులు లోనికి జొరబడుటకు జంకును. వాసన పసిగట్టుచు తిరుగు పందికి మంగలి దుకాణములో పడియుండు వెండ్రుకలు గూడ అడ్డగును. వానిని గట్లవెంట చల్లవలెను.

కోతికి ముక్కుకంటె కన్ను, కంటికంటె బుద్ధి చురుకు. ఒకే దిష్టిబొమ్మను పదిదినములు చూచినచో అది దాని తలమీదనే కూర్చుండును. కావున బెదరించు పద్ధతిని తరచు మార్చుచుండవలెను. సూర్యరశ్మితో పనిచేయు కంచె మేలైనది. దాని తీగలలో విద్యుత్తు ఎడతెగక ప్రవహింపదు. క్షణమునకొక పర్యాయము మిక్కిలి స్వల్పకాలము మాత్రము వచ్చి ఆగిపోవును. తగిలిన జంతువు అదిరి వెనుకకు పోవునే కాని చావదు. ప్రమాణములకు సరిపోవు సామగ్రితో, తెలిసినవారిచేతనే దానిని కట్టింపవలెను. కంచెమీదికి వంగిన కొమ్మలను కొట్టివేయనిచో కోతి కొమ్మపట్టి లోనికి దూకును. పెరటిలో ఒక్కని కొరకు కంచె కట్టుట భారమైనచో, నాలుగిండ్లవారు కలిసి వలగప్పిన పందిరి యొకటి వేసికొనవచ్చును.

ఒక్క రైతు తరిమినచో కోతులు ప్రక్క చేనికి పోవును. ప్రక్కవాడు తరిమినచో మరల ఇటు వచ్చును. ఊరివారందరు వంతులు వేసికొని కావలికాయుటయే దీనికి విరుగుడు. మంచె, వడిసెల, డప్పు మన పెద్దలు వాడిన సాధనములు. వానికి అసలు బలము ఐకమత్యము.

కోతుల సంఖ్య పెరుగకుండ శస్త్రచికిత్స చేయు పద్ధతిని హిమాచల ప్రదేశమువారు మొదట విస్తారముగ అవలంబించిరి. మన రాష్ట్రమున నిర్మల్ సమీపమున చించోలి గ్రామమువద్ద 2020వ సంవత్సరము డిసెంబరులో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రము ప్రారంభింపబడెను. పట్టి తెచ్చిన కోతులకు అచ్చట శస్త్రచికిత్స చేసి, కోలుకొన్న పిమ్మట అడవిలో విడిచెదరు. ఒక కేంద్రముతో రాష్ట్రమంతటి కష్టము తీరదు. ఫలితము కనబడుటకు పెక్కేండ్లు పట్టును. 2015వ సంవత్సరమున ఆరంభమైన హరితహారము యొక్క ఉద్దేశములలో వానలను మరల రప్పించుట, కోతులను మరల అడవికి పంపుట అనునవి జనుల నోట నానిన మాటలు. ఆ మాట నిజము కావలెనన్నచో అడవిలో మేడి, మర్రి, నేరేడు, సీతాఫలము పెరిగి కాయవలెను. నేడు నాటిన మర్రి రేపే పండ్లీయదు. కావున ఓపికతో ఇప్పుడే నాటవలెను.

విద్యార్థులు గూడ ఈ పనిలో పాల్గొనవచ్చును. బాటవెంట కోతులకు తినుబండారములు వేయరాదు, వేయువారికి నచ్చజెప్పవలెను. బడిలో మధ్యాహ్న భోజనము చేసిన పిమ్మట మిగిలిన అన్నమును గోతిలో వేసి మన్ను కప్పవలెను. కోతి ఎదురైనప్పుడు దాని కన్నులలోనికి చూడరాదు, పండ్లు బయటపెట్టి నవ్వరాదు. అది కయ్యమునకు పిలిచినట్లు తలచును. పరుగెత్తక మెల్లగా వెనుకకు జరుగవలెను. కరచినను, రక్కినను గాయమును వెంటనే సబ్బుతో, పారునీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి టీకా వేయించుకొనవలెను. చిన్న గాయమని దాచిపెట్టుట ప్రాణాపాయము.

కోతికి ఆకలి కలదు, రైతునకును ఆకలి కలదు. అడవి తన పండ్లను కోతి కిచ్చిననాడు పెరడు తన కాయలను రైతు కిచ్చును. పెరటి కంచె కట్టుటతో మన పని ముగియదు. అడవిని నిలుపుట గూడ ఆ కంచెలోని భాగమే.

అభ్యాసము

1. పల్లెటూరి గృహమునకు పెరడు ఏయే విధముల ఉపకరించును?
2. రైతులు కూరగాయలు పండించుట మానుటకు కారణమేమి? అందువలన ఎవరికి ఎక్కువ నష్టము?
3. కోతులను ఒక ఊరినుండి పట్టి మరియొక చోట విడుచుటవలన బెడద ఏల తీరదు?
4. ఆముదము, కుసుమ పంటలు చేనిని ఎట్లు కాపాడును?
5. మీ ఊరిలో కోతులకు ఆహారము దొరకు చోట్లను గుర్తించి, వానిని గూర్చి పది వాక్యములు వ్రాయుడు.