తగిన మందు

మన మెదడులో అసంఖ్యాకములగు నాడీకణములు కలవు. అవి మిక్కిలి సూక్ష్మమైన విద్యుత్తు మూలమున ఒకదాని కొకటి వార్తల నందించుకొనుచుండును. వానిలో ననేకములు కట్టుదప్పి ఒక్కమాఱుగా విజృంభించినచో మనుష్యుడు స్పృహ గోల్పోయి నేలగూలును, కాలుసేతులు కొట్టుకొనును. కొందఱు పడిపోరు. కొన్ని క్షణములు శూన్యదృష్టితో నుండి, ఏమియు జరుగనట్లు మరల మాటలాడుదురు. ఇదియే మూర్ఛరోగము. మన ప్రాచీన వైద్యగ్రంథములు దీనిని అపస్మార మన్నవి. లోకమున సుమారు 5 కోట్లమందికి ఈ రోగము కలదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది.

మూర్ఛ వచ్చినవాని చేతిలో తాళపుచెవుల గుత్తి నుంచుట మన యూళ్లలో వాడుక. సాధారణముగ మూర్ఛ ఒకటి రెండు నిమిషములలో తనంతట తానే తగ్గును. కీర్తి మాత్రము ఇనుమునకు దక్కును! రోగిని ఒక ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, నోటిలో నేమియు నుంచక, చెంత నుండుటయే చేయవలసిన పని. 5 నిమిషములు దాటియు ఆగనిచో వైద్యశాలకు గొనిపోవలెను.

మూర్ఛలు మరల మరల రాకుండుటకు మందులు కలవు. అయితే ఆ మందులు పనిచేయవలసినది మెదడుపైననే. ఆలోచించుట, జ్ఞాపకముంచుకొనుట, మెలకువతో నుండుట, ఇవన్నియు ఆ మెదడు చేయు పనులే కదా! మూర్ఛను అణచుచు వీనిని అణచకుండుట యెట్లు? ఈ చిక్కు నూటయేబది యేండ్లకు పైగా వైద్యులను వేధించుచున్నది.

విక్టోరియా రాణికి పురుడుపోసిన వైద్యుడు చార్లెస్ లోకాక్ 1857లో లండనున జరిగిన యొక వైద్యసభలో లేచి, పొటాసియము బ్రోమైడు అను లవణముతో కొందఱు స్త్రీల మూర్ఛల నాపితినని చెప్పెను. ఆధునిక వైద్యమునకు దొరకిన తొలిమందు ఇదియే. కాని బ్రోమైడు శరీరమును త్వరగా విడిచిపోదు, దినదినము పేరుకొనును. రోగి ముఖముపై పొక్కులు లేచును, నడక తూలును, బుద్ధి మందగించును. మూర్ఛలు తగ్గినవని యింటివారు సంతోషింపబోగా, ఎదుట కూర్చున్నవాడు తమ మునుపటి బిడ్డవలె కానరాడు.

1912లో జర్మనీదేశమున ఫ్రైబర్గు నగరమందు ఆల్ఫ్రెడ్ హౌప్ట్‌మన్ అను యువవైద్యుడు రోగుల గదులకు సమీపముననే నివసించుచుండెను. రాత్రులందు వారు మూర్ఛ వచ్చి మంచములపైనుండి పడుచుండుటచే ఆయనకు నిద్ర కఱవయ్యెను. అప్పుడే అంగళ్లకు వచ్చిన ఫినోబార్బిటాలు అను నిద్రమందును ఆయన వారి కిచ్చెను. రాత్రులు సద్దుమణగెను; పగటిపూట వచ్చు మూర్ఛలును తగ్గెను. కంటినిండ కునుకు కోరిన వైద్యునకు గొప్ప ఔషధమే దొరకినది! ఆయన యూదుడు. నాజీల పాలనలో ఉద్యోగము పోగొట్టుకొని, 1938లో డాకో నిర్బంధశిబిరమున బంధింపబడి, తుదకు అమెరికా చేరి 1948లో అచ్చటనే మరణించెను. ఆయన కనుగొన్న మందు మిగుల చౌక గనుక బీదదేశములలో నేటికిని వాడుకలో నున్నది. అది మగత కలిగించును. కొందఱు పిల్లలను చిఱచిఱలాడునట్లు చేయును. తరగతిలో కునికిపాట్లు పడు బాలుని మందబుద్ధి యని నిందించువారికి, ఆ మాంద్యము వానిది కాదనియు వాడు మ్రింగిన మందుదనియు తెలియదు.

నిద్ర తెప్పించునదియే మూర్ఛ నాపును అని ఆ కాలమున పెక్కురి నమ్మకము. బోస్టను నగరమున ట్రేసీ పుట్నం, హ్యూస్టన్ మెరిట్ అనువారు దానిని సరిచూడ దలచిరి. పిల్లుల మెదడునకు కొలతగా విద్యుత్తు నిచ్చి, ఏ పదార్థ మిచ్చినపుడు మూర్ఛ రప్పించుటకు ఎక్కువ విద్యుత్తు కావలసివచ్చునో పరీక్షించిరి. 1908లోనే తయారై, నిద్ర తెప్పించు గుణము లేదని మూలబడియున్న ఫెనిటాయిన్ అందు నెగ్గెను. 1938లో వారు రోగులకు కలిగిన మేలును ప్రకటించిరి. మగతలేకయే మూర్ఛను ఆపవచ్చునని తేలినది. ఈ యన్వేషణ మంతటిలో నాకు మిక్కిలి ముఖ్యముగ తోచునది ఇదియే. అట్లని ఫెనిటాయిన్ నిర్దోషము కాదు: చిగుళ్లు వాచును, వెండ్రుకలు దట్టమగును, మోతాదు కొంచెము మించిన నడక తూలును.

వాల్‌ప్రోయిక్ ఆమ్లము కథ ఇంకను వింత. 1882లో తొలుత తయారైన ఈ ద్రవము ఇతర పదార్థములను కరగించుటకు మాత్రమే ఉపయోగపడుచుండెను. 1962లో ఫ్రాన్సుదేశమున గ్రెనోబుల్ నగరమందు పియర్ ఎమార్ కొన్ని క్రొత్త పదార్థములను దీనిలో కరగించి పరీక్షింపగా అన్నియు మూర్ఛను ఆపెను. అన్నియు ఎట్లు పనిచేయునని సందేహము కలిగి, ద్రవమును మాత్రమే పరీక్షించిరి. గుణ మంతయు దానిదే! ఇది పలువిధములగు మూర్ఛలపై పనిచేయును. కాని దీనివలన బరువు పెరుగవచ్చును, జుట్టు రాలవచ్చును, చేతులు వణకవచ్చును. గర్భిణులు సేవించినచో శిశువునకు అంగవైకల్యము, బుద్ధిమాంద్యము కలుగు ప్రమాదము కలదు. కావున బాలికలకు, యువతులకు వేఱు మందులు కుదిరినంతవఱకు దీని నియ్యరు.

ఇపుడు ఇరువదికి పైగా మందులు కలవు. ఒకనికి మేలుచేసినది మఱియొకనికి కీడు చేయవచ్చును. కార్బమజెపీన్ కొన్ని మూర్ఛలకు చక్కని మందు. క్షణకాలపు శూన్యదృష్టి మూర్ఛలను అదియే పెంచును. లెవెటిరాసిటాము సేవించి కొందఱు అకారణముగ కోపింతురు. టోపిరమేటు వలన కొందఱికి తెలిసిన మాటయే నోటికి రాదు. ఏది యెవరికి కుదురునో ముందుగా చెప్పుట దుస్సాధ్యము. అందుచే వైద్యుడు ఒక్క మందును స్వల్పమోతాదులో మొదలిడి మెల్లగా పెంచును. అది కుదరనిచో రెండవదానిని చేర్చి మొదటిదానిని క్రమముగ తగ్గించును. గ్లాస్గో నగరమున అదివఱకు మందు నెఱుగని 470 మంది రోగులను పరిశీలించి 2000లో ప్రకటించిన ఫలితములలో 222 మందికి మొదటిమందుతోనే మూర్ఛలు ఆగినవి. మఱి 67 మందికి రెండవ లేక మూడవ మందుతో ఆగినవి. రెండు మూడు మందులు విఫలమైనవారికి శస్త్రచికిత్స తగునా యని వైద్యులు విచారింతురు.

ఈ కాలమంతయు రోగికి కష్టకాలమే. పరీక్షల నాటికి పాఠము గుర్తుండదు. మందు మానుదమా యని తోచును. కాని హఠాత్తుగ మానినచో మూర్ఛ ఆగకుండ వచ్చి ప్రాణాపాయమే కలుగవచ్చును. మూర్ఛ వచ్చిన తేదీ, నిద్రపోయిన గంటలు, కలిగిన మగత, కోపము, ఆకలి మున్నగునవి ఒక పుస్తకమున వ్రాసి చూపినచో వైద్యునకు ఎంతయో సాయము. సిగ్గుచే దాచువారే ఎక్కువ. హిందూ వివాహ చట్టము ఒకప్పుడు మూర్ఛరోగులను వివాహమునకు అనర్హులుగా నెంచెను. 1999లో ఆ మాట తొలగింపబడినది. ఇండ్లలో దాపఱికము ఇంకను తొలగలేదు.

మందు కుదిరి, రెండు మూడేండ్లు మూర్ఛలు రాకున్నచో, కొందఱికి వైద్యులు నెలల తరబడి కొంచెము కొంచెముగ తగ్గించి మాన్పింతురు. మఱికొందఱు జీవితాంతము వాడుదురు. వారును చదువుకొని, ఉద్యోగములు చేసి, పిల్లలను పెంచుచున్నారు.