ఫించ్ పిట్ట ముక్కు, ఐదు వేల డాలర్లు

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

హ్యూస్టన్ బడిలో టీచరుగా నీకు మూడేళ్లు నిండాయనీ, ఈసారి ఫండ్ ఫర్ టీచర్స్‌కి దరఖాస్తు పెట్టబోతున్నావనీ మీ నాన్న చెప్పాడు. మా తరం టీచర్లకి వేసవంటే స్పాట్ వాల్యుయేషన్, లేదంటే ఎలక్షన్ డ్యూటీ. ఎక్కడికెళ్లి ఏం నేర్చుకోవాలో టీచరే రాసుకుంటే, ఆ ఖర్చు పెట్టుకునే సంస్థ అమెరికాలో ఉందంటే మా పాత స్టాఫ్‌రూమ్ మిత్రులు ఇంకా నమ్మడం లేదు.

అపాచీ చమురు కంపెనీ స్థాపకుడు రేమండ్ ప్లాంక్ 2001లో మొదలుపెట్టిన సంస్థ అది. ఒక్కరికైతే 5,000 డాలర్ల దాకా, జట్టుకైతే 10,000 దాకా ఇస్తూ వచ్చింది. ఎక్కడికి వెళ్లాలో మాత్రం చెప్పదు. చిక్కంతా అక్కడే. చాలామంది ముందు ఊరు ఎంచుకుని, తర్వాత దానికో పాఠం అతికిస్తారు.

జీవశాస్త్రం టీచరు గాలపాగస్ వెళ్తానందనుకుందాం. డార్విన్ తిరిగిన నేల చూడాలని రాస్తే అది తీర్థయాత్ర. అక్కడి డాఫ్నీ మేజర్ దీవి గురించి రాస్తే పాఠం. పీటర్, రోజ్‌మెరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి ఏళ్ల తరబడి అక్కడ ఫించ్ పిట్టల ముక్కులు కొలిచారు. 1977లో వానల్లేక చిన్న మెత్తటి గింజలు కరువయ్యాయి. గట్టి గింజ పగలగొట్టగల పెద్ద ముక్కు పిట్టలే ఎక్కువగా బతికాయి. వాటి పిల్లలకీ పెద్ద ముక్కులే వచ్చాయి. పరిణామమంటే లక్షల ఏళ్ల మాటని నమ్మే పిల్లలకి ఇది కొత్త కబురు. నేను మాత్రం ఏటా నల్లబల్ల మీద నాలుగు ముక్కులు గీసి ఊరుకున్నాను. పిల్లలకి బొమ్మ గుర్తుంది, కరువు సంగతి తెలియనే తెలియదు.

అలాగని డాఫ్నీ మీద దిగి కొలుస్తానని రాస్తే నవ్వుతారు. మామూలు యాత్రికులకి అక్కడ అనుమతి దొరకదు. దానికి బదులు శాంతా క్రూజ్ దీవిలో చార్లెస్ డార్విన్ పరిశోధనా కేంద్రం ఉంది, ఫించ్‌లూ ఉన్నాయి. పద్దు కూడా సరిచూసుకోవాలి. విదేశీయులకి పార్కు ప్రవేశ రుసుము 2024 ఆగస్టులో 100 నుంచి 200 డాలర్లయింది. పాత లెక్క వేసుకున్న టీచరుకి అక్కడే చెయ్యి తడబడుతుంది.

మిగతా ద్వారాలూ ఉన్నాయి. ఇండియానాలో లిల్లీ ఎండోమెంట్ 1987 నుంచి టీచర్లకి గ్రాంట్లు ఇస్తోంది. మనసు మళ్లీ చిగురించాలన్నదే దాని ఉద్దేశం, పాఠప్రణాళికతో పనిలేదు. నాకైతే అదే ఎక్కువ నచ్చింది కానీ, ఆ రాష్ట్రం దాటి ఇవ్వరు. నేషనల్ జియోగ్రాఫిక్, లిండ్‌బ్లాడ్ సంస్థలు కలిసి టీచర్లని ఓడల్లో ఆర్కిటిక్ దాకా తీసుకెళ్లాయి. సర్కారు సొమ్ము మీద భరోసా తక్కువ: అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది హ్యుమానిటీస్ గ్రాంట్లు 2025 ఏప్రిల్‌లో ఎన్నో అర్ధాంతరంగా రద్దయ్యాయి. ఆ వేసవికి ప్రయాణం ఖాయమనుకున్న టీచర్ల అవస్థ ఏమిటో ఊహించుకోవచ్చు.

ముసాయిదా దీపావళికల్లా పంపించు. మొదటి పేరాలో ఊరి పేరు ఉండకూడదు. నీ క్లాసులో ఏ పిల్లో వేసిన ప్రశ్న, నువ్వు జవాబు చెప్పలేకపోయినది, దాంతో మొదలుపెట్టు. ఎర్ర పెన్ను నా దగ్గర ఇంకా ఉంది.

ఇట్లు,
మీ పెదనాన్న