ప్యాకెట్ అమ్మే ముందు సున్నాలు లెక్కపెట్టండి

నాచారం ఐడీఏలోనో ఉప్పల్‌లోనో ఒక ఫీడ్ సప్లిమెంట్ కంపెనీలో సేల్స్‌కి చేరారనుకుందాం. పొద్దున్నే ఉప్పల్ రింగ్ రోడ్డు దాటి వరంగల్ హైవే ఎక్కితే ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి మీ ఏరియా. బ్యాగులో సైలేజీ (పాతరేసి మాగబెట్టే పచ్చిమేత) కల్చర్ ప్యాకెట్లు, ఫోన్లో మంత్ ఎండ్ టార్గెట్. ప్యాకెట్ ఎలాగోలా అమ్మేస్తారు. రెండు నెలల తర్వాత పాతర తెరిచి రైతు ఫోన్ చేస్తాడే, అప్పుడు తెలుస్తుంది మీరేం అమ్మారో.

రైతుకి చెప్పేటప్పుడు మనందరం పెరుగు తోడు పోలికే వాడతాం. చాలావరకు సరైనదే. తరిగిన గడ్డిలో ఉన్న చక్కెరని లాక్టిక్ ఆమ్లంగా మార్చే బ్యాక్టీరియాని మనం లెక్కగా వేస్తున్నాం. పీహెచ్ తొందరగా 4 దగ్గరికి దిగితే కుళ్లబెట్టే క్లాస్ట్రీడియాకి అవకాశం ఉండదు. పచ్చిగడ్డికి నేరుగా ఆమ్లం కలిపి నిల్వ చేసే పద్ధతి కనిపెట్టిన ఫిన్లాండ్ శాస్త్రవేత్త వర్టానెన్‌కి 1945లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఆయన బయటి నుంచి పోసిన ఆమ్లాన్ని మనం లోపలే తయారు చేయిస్తున్నాం, అంతే. కానీ పెరుగు గిన్నె మీద మూత వదులుగా ఉన్నా తోడుకుంటుంది, పాతరలో గాలి మిగిలితే తోడుకోదు. ఈ తేడా చెప్పకపోతే రైతు "కల్చర్ వేశాం కదా" అని ట్రాక్టర్ తొక్కుడు రెండు రౌండ్లతో ఆపేస్తాడు. తర్వాత బూజు పడితే పేరు మీ ప్యాకెట్‌దే.

ఇక లేబుల్. కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. గ్రాము పచ్చిమేతకి కనీసం 1 లక్ష సీఎఫ్‌యూ, అంటే బతికున్న బ్యాక్టీరియా, పడాలన్నది ఎక్కువగా వాడే లెక్క. టన్ను అంటే 10 లక్షల గ్రాములు. కాబట్టి టన్నుకి 10,000 కోట్లు కావాలి. ఇప్పుడు ఒక ప్యాకెట్ తీసుకోండి: "గ్రాముకి 100 కోట్ల సీఎఫ్‌యూ, 100 గ్రాములు 10 టన్నులకి" అని ఉంది. చూడ్డానికి ఘనంగానే ఉంది. మొత్తం ప్యాకెట్‌లో ఉన్నవి 10,000 కోట్లు. పది టన్నులకి పంచితే టన్నుకి 1,000 కోట్లు, గ్రాము మేతకి 10 వేలు. కావలసినదాంట్లో పదో వంతు. ఈ ప్యాకెట్ నిజానికి ఒక టన్నుకే సరిపోతుంది. పోటీ కంపెనీ రేటు తక్కువ అని డీలర్ గొడవ పెట్టినప్పుడు వాళ్ల లేబుల్, మీ లేబుల్ పక్కపక్కన పెట్టి ఈ లెక్క వేసి చూపించండి. మీ సొంత కంపెనీ ప్యాకెట్‌కి ముందు ఇంట్లో కూర్చుని వేసుకోండి. లేబుల్ మీది సంఖ్య తయారైన రోజుదా, ఎక్స్‌పైరీ నాటికి గ్యారంటీయా అన్నది కూడా క్యూసీ వాళ్లని అడగాలి. రెండింటికీ చాలా తేడా ఉంటుంది. పేర్లతో తికమక పడొద్దు: లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బ్యాక్టీరియానే 2020 నుంచి లాక్టిప్లాంటిబాసిల్లస్ ప్లాంటారమ్ అంటున్నారు. కొత్త పేరున్నంత మాత్రాన కొత్త ప్రోడక్ట్ కాదు.

లెక్క కుదిరినా సరుకు చచ్చిపోవచ్చు. మే నెలలో బైక్ డిక్కీలో ప్యాకెట్లు పెట్టుకుని మధ్యాహ్నం భోజనానికి ఆగారంటే సగం బ్యాక్టీరియా పని అయిపోయినట్టే. బస్సులో పార్సిల్ వేస్తే దించుకునే మనిషి దొరికాకే వేయండి. థర్మోకోల్ డబ్బా, ఐస్ ప్యాక్ ఖర్చు అడిగితే మేనేజర్ ముఖం చిట్లిస్తాడు, అయినా మెయిల్‌లో అడగండి. రైతు దగ్గర నీళ్ల సంగతి చూడండి. క్లోరిన్ కలిపిన నల్లా నీళ్లలో కలిపితే బ్యాక్టీరియా డ్రమ్ములోనే పోతుంది. బోరు నీళ్లు మేలు, లేకపోతే ముందు రాత్రి తొట్టిలో మూత లేకుండా ఉంచమనండి. ఎండకి కాగిన సింటెక్స్ ట్యాంకు నీళ్లూ వద్దు. కలిపింది ఆ రోజే వాడెయ్యాలి. చాఫ్ కట్టర్ నుంచి మేత పడేచోట స్ప్రే చేయించండి. పైన మగ్గుతో చల్లితే అడుగు పొరకి అందదు, బ్యాక్టీరియా నడుచుకుంటూ వెళ్లదు.

అమ్మకూడని చోట అమ్మకపోవడం కూడా మీ ఉద్యోగమే, టార్గెట్ షీట్‌లో దానికి కాలమ్ లేకపోయినా. మొక్కజొన్న గింజ పాలు గట్టిపడే దశలో, పొడి పదార్థం 30 నుంచి 35 శాతం ఉన్నప్పుడు కోస్తే దాదాపు దానంతటదే బాగా మాగుతుంది, కల్చర్ ఆపైన లాభం. సూపర్ నేపియర్ గడ్డిలో నీళ్లెక్కువ, చక్కెర తక్కువ. గుప్పెట్లో పట్టి పిసికితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారుతుంటే ముందు ఎండబెట్టమనండి, మొలాసిస్ కలపమనండి. తినడానికి చక్కెర లేకపోతే ఎన్ని కోట్లు వేసినా పస్తులే. ఎండు వరిగడ్డికి ఈ ప్యాకెట్ అమ్మితే మాత్రం నేరుగా మోసమే.

పాతర తెరిచాక వేడెక్కే సమస్యకి వాడేది వేరే బ్యాక్టీరియా, బుక్‌నేరి రకం. అది లాక్టిక్‌లో కొంత భాగాన్ని అసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది, దాంతో ఈస్ట్, బూజు తగ్గుతాయి. దానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. మేత అయిపోయి మూడు వారాలకే తెరిచే రైతుకి అది అమ్మి ప్రయోజనం లేదు. అలాగే పాలు లీటరు పెరుగుతాయని నోరు జారొద్దు. ట్రయల్స్‌లో కొన్నిట్లో పెరిగాయి, కొన్నిట్లో తేడా లేదు. మేత నష్టం తగ్గుతుందని చెప్పండి, అది చూపించగలరు.

ఫోన్ వచ్చిందనుకోండి: "మీ మందు వేస్తే గడ్డి కంపు కొడుతోంది". మందు అన్న మాట అక్కడే దిద్దండి, తర్వాత వెళ్లండి. పులిసిన దోసెల పిండిలా పుల్లగా ఉంటే భయం లేదు. కుళ్లు వెన్న వాసన, చేతికి జిగురు తగిలితే తడి గడ్డి పెట్టారని అర్థం. చెయ్యి పెడితే లోపల వేడిగా ఉంటే గాలి దూరింది, లేదా రోజూ తీసే మందం చాలడం లేదు. పీహెచ్ స్ట్రిప్ పెట్టి ఫొటో తీయండి. కోసిన తేదీ, తేమ, వాడిన నీళ్లు, బ్యాచ్ నంబర్ అమ్మిన రోజే రాసుకుని ఉంటే ఈ సంభాషణ పది నిమిషాల్లో తేలుతుంది, లేకపోతే డీలర్ ముందు మీరొక్కరే దోషి. అమ్మిన ప్రతి బ్యాచ్ నుంచి ఒక ప్యాకెట్ ఆఫీసు ఫ్రిజ్‌లో ఉంచుకోండి. గొడవ ముదిరితే బతికున్న బ్యాక్టీరియాని లెక్కపెట్టే ప్లేట్ కౌంట్ చేయించవచ్చు, రెండు మూడు రోజుల పని. కౌంట్ తక్కువ వస్తే రైతుకి చెప్పేముందు మీ మేనేజర్‌కి రాతపూర్వకంగా పంపండి, ఆ బ్యాచ్ డిస్పాచ్ అదే రోజు ఆపించండి.