లక్కమ్మ అడిగిన లెక్క – నేటి వ్యాపార విద్య

కల్యాణ పట్టణమున బసవేశ్వరుని మహామనె వాకిట రాలిన బియ్యపు గింజలను ఏరుకొనుట శరణుడు ఆయ్దక్కి మారయ్య కాయకము. ఆ గింజలతోనే ఆయనయు, ధర్మపత్ని లక్కమ్మయు జంగమార్చన సాగించుచుండిరి. ఒకనాడు మారయ్య నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానిని చూచి సంతసింపలేదు. అది తమ పాలు కాదనియు, అవసరమునకు మించిన ఆశయే దానిని ఇంటికి తెచ్చినదనియు చెప్పి, ఎచ్చట ఏరితిరో అచ్చటనే పోసి రండని భర్తను పంపెను.

ఈ కథను భక్తితో వినుట మన పరిపాటి. లెక్కల పాఠముగా చదివినవారు తక్కువ. లక్కమ్మ చూచినది బియ్యము ఎంత యున్నదన్న సంగతిని మాత్రమే కాదు. ఆ అదనపు గింజలు ఎవరి నోటికాడివి అను సంగతిని చూచెను. నేడు విశ్వవిద్యాలయములలో సుస్థిర వ్యాపార నిర్వహణ అను పేర బోధింపబడుచున్న శాస్త్రమునకు మూలప్రశ్న కూడ ఇదియే.

తిరుపతియందు 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, 1983లో శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమును వెలసినవి. ఎందరో రైతుబిడ్డలు ఈ ఊరిలోనే వాణిజ్యశాస్త్రమును, నిర్వహణశాస్త్రమును అభ్యసించుచున్నారు. రాబోవు తరముల అవసరములకు భంగము కలుగకుండ నేటి అవసరములు తీర్చుకొనుటయే సుస్థిరాభివృద్ధి యని 1987లో బ్రంట్‌లాండ్ సంఘము తన నివేదికలో నిర్వచించెను. పర్యావరణమును అన్ని స్థాయిలలోను బోధింపవలెనని మన సర్వోన్నత న్యాయస్థానము 1991లో ఎం.సి. మెహతా వ్యాజ్యమున ఆదేశించెను. దాని ఫలితముగ డిగ్రీ తరగతులకు ఒక ప్రత్యేక పాఠ్యాంశము వచ్చినది. అయితే చిక్కు అచ్చటనే యున్నది. పర్యావరణము ఒక పుస్తకముననే యుండి, లాభనష్టముల పట్టిక మరియొక పుస్తకమున మునుపటివలెనే నిలిచినచో, విద్యార్థి రెండింటను ఉత్తీర్ణుడై ఒకదానిని మరచును.

ఈ రెండింటిని కలిపి చూపుటకు చిత్తూరు సీమలో దూరము పోనక్కరలేదు. తోతాపురి మామిడి చాలును. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరు జిల్లా యైనను, తోటలు, మండీలు, గుజ్జు కర్మాగారములు రెండు జిల్లాలకును ఉమ్మడి బ్రతుకుతెరువే. బంగారుపాళెము, దామలచెరువు మండీలకు ట్రాక్టర్లు బారులు తీరు ఆ కొద్ది వారములలోనే రైతు సంవత్సరాదాయము తేలిపోవును. పండు ఆగదు, గుజ్జు డబ్బాలో ఆగును. బేరమునందలి బలము ఎవరిదో ఈ ఒక్క మాటలోనే తెలియుచున్నది.

2025 వేసవిలో ధర పడిపోయినప్పుడు రాష్ట్ర ప్రభుత్వము తోతాపురి రైతునకు కిలోకు 12 రూపాయలు అందవలెనని నిర్ణయించి, అందు 8 రూపాయలు కర్మాగారములు చెల్లింపవలెననియు, తక్కిన 4 రూపాయలు తాను భరించుననియు ప్రకటించెను. ఉపాధ్యాయుడు దీనిని నల్లబల్లపై వ్రాయవలెను. పది టన్నుల కాయ అమ్మిన రైతునకు రావలసినది 1,20,000 రూపాయలు. అందు 80,000 కర్మాగారపు ఖర్చు పద్దున కనిపించును. మిగిలిన 40,000 ఏ వ్యాపార లెక్కలోను కనిపించదు. అది ప్రజల పన్ను సొమ్ము. ముడిసరకు విలువలో మూడవ వంతు ప్రజలు భరించిన గుజ్జునకు వచ్చిన లాభము ఎవరిది? విద్యార్థులు వాదించుకొనవలసిన ప్రశ్న ఇది. కర్మాగారమును దొంగగా నిలబెట్టుట ఇచ్చట ఉద్దేశము కాదు. విదేశములలో గుజ్జు నిలువలు పేరుకొనినప్పుడు దాని యజమానియు నలిగిపోవును.

ఇక తొక్కలు, టెంకలు. గుజ్జు తీయగా పండు బరువులో మూడవ వంతుకు పైగా ఇవియే మిగులును. తొక్కనుండి పెక్టిన్ తీయవచ్చును. టెంకలోని జీడినుండి మిఠాయి పరిశ్రమకు పనికివచ్చు కొవ్వు లభించును. గోబరు గ్యాసు వలె వాయువును కూడ పుట్టింపవచ్చును. పట్టించుకొనకున్న ఆ గుట్టయే కుళ్లి, కడిగిన నీటితో కలిసి పల్లమున నున్న చెరువునకు చేరును. వర్షము కరవై, బోర్లు నానాటికి లోతునకు పోవు సీమలో ఒక చెరువు చెడుట చిన్న నష్టము కాదు. కాని చెరువు బిల్లు పంపదు.

మారయ్య ఒంటరి, అతనికి బ్యాంకు అప్పు లేదు, వాటాదారులు లేరు గదా యని విద్యార్థి అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. సమాధానము బసవేశ్వరుని జీవితముననే కలదు. ఆయన లెక్కలెరుగని విరాగి కాడు. బిజ్జలుని భాండాగారమును నిర్వహించిన అధికారి. రాజధనమును జంగములకు వ్యయించెనని కొండెగాండ్రు చెప్పగా, లెక్క చూచినప్పుడు కాసు కూడ తగ్గలేదని పురాణములు చెప్పుచున్నవి. సత్యశుద్ధమైన కాయకమనగా ఎప్పుడు తెరచినను సరిపోవు లెక్క యన్నమాట.

దాసోహమును దానముగా పొరబడువారు మనలోనే పలువురు. 2013 కంపెనీల చట్టము 135వ సెక్షను ప్రకారము 500 కోట్ల నికర విలువ గాని, 1000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికర లాభము గాని గల సంస్థలు గత మూడేండ్ల సగటు లాభములో 2 శాతము సామాజిక కార్యములకు వెచ్చింపవలెను. మంచి చట్టమే. అయినను అది లాభము వచ్చిన పిమ్మట ఆరంభమగును. ఆ లాభము ఎట్లు వచ్చినదని ఆ 2 శాతము అడుగదు. లక్కమ్మ అడిగినది వంట పిదప కాదు. బియ్యము ఇల్లు చేరిన క్షణముననే. ముందు కాయకము శుద్ధము కావలెను, ఆ తరువాతనే దాసోహము. ఈ క్రమమును తారుమారు చేసి, చెరువు చెడగొట్టి బడికి బల్లలు ఇచ్చుటను దాసోహమనుట శరణుల మాటకు అపచారము.

ఇట్టి పాఠమునకు తరగతి గది చాలదు. విద్యార్థులు జట్టులుగా మండీకి, కర్మాగారమునకు, దాని క్రింది చెరువునకు పోయి, మూడు చోట్లను వేర్వేరుగా లెక్క వ్రాసికొని, ఒకే పట్టికలో చేర్చవలెను. వచ్చిన చిక్కల్లా మామిడి కాలము పెక్కు కళాశాలల పరీక్షలతోను, సెలవులతోను కలిసివచ్చుటయే. కనుక పని మామిడి కాలము ముగియవచ్చిన పిదప మొదలిడవచ్చును. అప్పటికి మండీలో రద్దీ తగ్గి రైతు మాటలాడుటకు తీరికగా నుండును. తొక్కల గుట్ట మాత్రము ఇంకను అచ్చటనే యుండును.