పక్క పెట్టను చూడు

చిరంజీవి చిట్టికి,

నీ ఉత్తరం అందింది. నెదర్లాండ్స్‌లో లేయర్ పెట్టల మీద బర్డ్ ఫ్లూ టీకాలను పరీక్షించే పనిలో చేరబోతున్నావని చదివి, మీ పెద్దమ్మ అక్కడి చలికి బెంగపడింది గానీ నాకు మాత్రం చాలా సంతోషమైంది. "టీకా వేసిన కోళ్లు బతికాయా, చచ్చాయా చూడడమే కదా పెదనాన్నా, దానికి ఇన్నేళ్లు దేనికి?" అని అడిగావు. చదువుకున్న నువ్వే అలా అడిగావంటే మిగతా వాళ్లెందరు అలా అనుకుంటున్నారో! అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

పెట్ట బతకడం మొదటి మెట్టు. దానికో లెక్క ఉంది. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం, టీకా వేయని గుంపులో కనీసం 90 శాతం చనిపోయే తీవ్రతతో వైరస్ ఇచ్చినప్పుడు, టీకా వేసిన గుంపులో కనీసం 80 శాతం బతకాలి. టీకా లేని కోళ్లు ఎలా పోతాయో నీకు చెప్పక్కర్లేదు. నిన్న సాయంత్రం మేత తిన్నవి తెల్లారేసరికి జుట్టు, తమ్మెలు నీలంగా మారి కేజుల్లో ఒరిగి ఉంటాయి. ప్రయోగం గదిలోనూ అంతే, మూడు నాలుగు రోజుల్లో తేడా కళ్లకు కట్టినట్టు తెలిసిపోతుంది. ఆ తేడా చూసి టీకా గెలిచిందని సంబరపడేవాళ్లు చాలామంది.

కానీ టీకా వేసిన పెట్ట చావకుండా, మేత మానకుండా, గుడ్డు తప్పకుండా, గొంతులోంచీ రెట్టలోంచీ వైరస్‌ని వదులుతూ ఉండొచ్చు. చచ్చిన కోడి రైతుకు కబురు చెబుతుంది. ఈ కోడి చెప్పదు. దాని గుడ్ల అట్టలు లారీ ఎక్కుతాయి, ఎరువు పొలానికి పోతుంది, మేత దించిన బండి పక్క ఊరి షెడ్డుకు పోతుంది. అసలు టీకా లేకపోతే రోగం పైకి కనిపించి, అక్కడికక్కడే కోళ్లను చంపి పూడ్చేవాళ్లు. సగం పనిచేసే టీకా రోగాన్ని దాచిపెడుతుంది. నాకు చావు కంటే ఆ దాపరికమే ఎక్కువ భయం. కాబట్టి నీ కళ్లు ఎప్పుడూ వైరస్ ఎక్కించిన పెట్ట పక్కన వదిలిన పెట్ట మీద ఉండాలి. దానికి అంటిందా, లేదా?

ఈ ప్రశ్నను కోళ్లలో పద్ధతిగా అడిగింది నువ్వు వెళ్లే దేశంలోనే. 2003లో అక్కడ హెచ్‌7ఎన్‌7 వచ్చి దాదాపు 3 కోట్ల పక్షులు పోయాయి. ఒక పశువైద్యుడూ చనిపోయాడు. ఆ దెబ్బ తర్వాత అక్కడి లెలిస్టాడ్ ఊరి శాస్త్రవేత్తలు టీకా వేసిన ఐదు కోళ్లకు వైరస్ ఎక్కించి, వాటితో మరో ఐదింటిని కలిపి ఉంచి, రోజూ స్వాబులు తీసి చూశారు. టీకా వేసిన వారానికి పరీక్షిస్తే వ్యాప్తి పూర్తిగా ఆగలేదు, రెండు వారాలకు పరీక్షిస్తే ఆగింది. ఆ ప్రయోగం మీద 2005లో అచ్చయిన పత్రాన్ని విమానం ఎక్కేలోపు రెండుసార్లు చదువు. ఒక కోడి సగటున ఎన్ని కోళ్లకు అంటిస్తుందో చెప్పే అంకెను ఆర్ అంటారు కదా. అది ఒకటికి దిగువన ఉంటే మంట తనంతట తానే ఆరిపోతుంది. ఒకటి దాటితే ఎన్ని కోళ్లు బతికినా షెడ్డంతా పాకుతుంది. టీకా పనితనమంతా ఆ ఒక్క అంకెలో తేలుతుంది.

అయితే ఆ అంకెను తేలిగ్గా నమ్మకు. గదిలో పది పక్క పెట్టలు ఉండి ఒక్కదానికీ అంటలేదనుకో. పదింటిలో సున్నా అంటే నిజంగా సున్నా అని అర్థం కాదు. లెక్కగట్టి చూస్తే, అసలు ప్రమాదం నాలుగో వంతు దాకా ఉన్నా అలాంటి ఫలితం రావచ్చు. అందుకే అదే ప్రయోగం వేరే గదిలో, వేరే గుంపుతో మళ్లీ చేయాలి. ఇంకోటి కూడా ఉంది. వైరస్ ఎక్కించిన పెట్టలకు కూడా టీకా వేసి ఉండి వాటికే రోగం పట్టకపోతే, పక్కవి క్షేమంగా ఉన్నాయని చెప్పడంలో అర్థం లేదు. అంటించే కోడే లేనప్పుడు అంటకపోవడం ఏం గొప్ప? అందుకని టీకా లేని, నిజంగా వైరస్ కుమ్మరించే పెట్టలను టీకా వేసిన వాటి మధ్య వదిలి చూసే గుంపు కూడా ఒకటి ఉండాలని పట్టుబట్టు. ఖర్చు పెరుగుతుందంటారు. పెరగనీ.

స్వాబుల దగ్గర కూడా తొందర వద్దు. ముక్కులో పోసిన వైరస్ తాలూకు అవశేషమే మర్నాడు పీసీఆర్‌లో పాజిటివ్‌గా కనిపించవచ్చు. పక్క పెట్ట గొంతులో కొద్దిగా కనిపించింది అది పీల్చిన దుమ్మే కావచ్చు, తాగిన నీళ్లే కావచ్చు. రెండు మూడు వారాలు ఆగి రక్తం తీస్తే నిజం తెలుస్తుంది. నువ్వు పనిచేసే టీకాల్లో బర్డ్ ఫ్లూ వైరస్ పైపొర ప్రొటీన్ ఒక్కటే ఉంటుంది, లోపలి న్యూక్లియోప్రొటీన్ ఉండదు. కాబట్టి ఆ లోపలి ప్రొటీన్ మీద యాంటీబాడీలు కనిపిస్తే అవి టీకా వల్ల వచ్చినవి కావు, అసలు వైరసే లోపలికి వెళ్లింది. రేపు టీకా వేసిన షెడ్లలో దొంగచాటుగా తిరిగే వైరస్‌ని పట్టుకోవాలన్నా ఈ తేడాయే ఆధారం. గుడ్లు, మాంసం కొనే దేశాలు మొదట అడిగేదీ దీన్నే. 2023 అక్టోబరులో ఫ్రాన్స్ బాతులకు టీకా మొదలుపెట్టగానే అమెరికా అక్కడి కోళ్ల ఉత్పత్తుల మీద ఆంక్షలు పెట్టింది.

ఇప్పుడు వయసు సంగతి. ఇదే నీ పని మొత్తానికి గుండెకాయ. బ్రాయిలర్ ఆరు వారాల్లో పోతుంది, దానికి టీకా ఆరు వారాలు నిలబడితే చాలు. లేయర్ పెట్ట 18, 20 వారాలకు తొలిగుడ్డు పెట్టి, 72 వారాలు, ఒక్కోచోట ఇంకా ఎక్కువే షెడ్డులో ఉంటుంది. హేచరీలో తొలిరోజే పిల్లకు మెడ దగ్గర పొడిచే ఒక్క సూది అన్నాళ్లు కాపాడాలి. ఆ సూదిలో ఉండేది మనం మారెక్స్ వ్యాధికి వాడే టర్కీ హెర్పిస్ వైరసే, దాంట్లో హెచ్‌5 బర్డ్ ఫ్లూ ముక్క ఒకటి అతికించి ఉంటుంది. సేవా అనే కంపెనీ టీకాలో ఆ ముక్క 2006లో హంగరీలో దొరికిన ఒక హంస వైరస్‌ది. ఇరవై ఏళ్ల నాటి ముక్క ఇప్పుడు తిరుగుతున్న వైరస్‌ని ఎలా ఆపుతుందా అని నేనూ మొదట అనుమానపడ్డాను, కానీ పెట్టలు బతుకుతున్నాయి. హెర్పిస్ జాతి వైరస్ కోడి ఒంట్లో జీవితాంతం ఉంటుంది కాబట్టి రక్షణ కూడా జీవితాంతం ఉంటుందని కంపెనీల ఆశ.

డచ్చివాళ్లు దాన్ని ఆశగా వదలకుండా చూశారు. మొదట ప్రయోగశాలలో పరీక్షించి, 2023 శరదృతువులో రెండు చోట్ల 1,800 లేయర్లతో అసలు షెడ్లలో పరీక్ష మొదలుపెట్టారు. షెడ్డులో పెరిగిన పెట్టలనే వయసు వచ్చాక కొన్నింటిని తెచ్చి, గదిలో వైరస్‌కి ఎదురు నిలబెట్టారు. 8 వారాలప్పుడు వ్యాప్తి చక్కగా ఆగింది. దాదాపు ఆరు నెలల వయసుకు వచ్చేసరికి అదే ఒక్క సూది వ్యాప్తిని ఆపడానికి చాలలేదు. ఆ 8 వారాల ఫలితం దగ్గరే ఆపి పండగ చేసుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించు. గుడ్డుకు వచ్చిన పెట్టలు ఒళ్లు అలసి ఉన్న సమయంలో, రైతు టీకా ఉందనే ధైర్యంతో గేటు దగ్గర మందునీళ్లు పోయడం మానేసిన సమయంలో ఆ రక్షణ జారిపోయేది. బూస్టర్ వేయాలంటే పెట్టలను లేయర్ షెడ్డుకు మార్చే 16వ వారం దగ్గర పడుతుంది. ఒక్కొక్క కోడినీ చేత్తో పట్టి సూది వేయడమంటే ఎంతమంది కూలీలు కావాలో, పట్టుకునేటప్పుడు ఎన్ని రెక్కలు విరుగుతాయో మీ ప్రొఫెసర్లకంటే నీకు బాగా తెలుసు. ఆ లెక్క నువ్వే వాళ్లకు చెప్పు.

ప్రయోగశాలకు తెల్లటి, ఏ రోగమూ ఎరగని కోడిపిల్లలు వస్తాయి. షెడ్డు పిల్లలు అలా ఉండవు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు టీకాకు అడ్డం పడతాయి. అమోనియా ఘాటు, కొక్కెర, గంబోరో టీకాలు, సీఆర్‌డీ శ్వాసరోగం అన్నీ ఉంటాయి. హేచరీలో అప్పటికే టర్కీ హెర్పిస్ మీద కట్టిన గంబోరో టీకా వేసి ఉంటే, అదే వాహనం మీద వచ్చే రెండో టీకా సరిగా ఎక్కదు. నైట్రోజన్ డబ్బాలోంచి తీసిన సీసాను ఎంతసేపట్లో వాడారో, ఏ బ్యాచ్‌దో, ఎవరి చేతి మీదుగా వెళ్లిందో రాసిపెట్టు. టీకా పనిచేయలేదని తేలిన రోజున, తప్పు టీకాదా చేతిదా అని ఎవరూ చెప్పలేని స్థితి రాకూడదు.

మన వైపు సంగతి. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో వైరస్‌ని భోపాల్ ప్రయోగశాల నిర్ధారించినప్పుడు చుట్టూ కిలోమీటరులో కోళ్లన్నీ పోయాయి. మరుసటి నెలలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప ఈ వైరస్‌తోనే చనిపోయింది. అప్పటినుంచి కనిపించిన ప్రతి రైతూ నన్ను "టీకా ఎప్పుడు వస్తుంది డాక్టరుగారూ?" అనే అడుగుతున్నాడు. మన దేశంలో హెచ్‌9ఎన్‌2 రకానికి టీకా ఉంది. ఈ హెచ్‌5ఎన్‌1 టీకాకు ఇంకా అనుమతి లేదు, చంపి పూడ్చడమే విధానం. ఆ రైతుల బాధ న్యాయమైనదే. అప్పు చేసి కట్టిన షెడ్డు ఒక్క రోజులో ఖాళీ అయితే ఆ ఇంట్లో ఎలా ఉంటుందో నేను చూశాను. అయినా ఇప్పుడే తెచ్చి వేసేద్దామనే మాటకు నేను ఒప్పుకోను. ఎన్ని వారాలకు రక్షణ జారుతుందో తెలియకుండా, చచ్చిన కోళ్లను వారం వారం పరీక్షించే ఏర్పాటు లేకుండా టీకా వేస్తే, గోదావరి జిల్లాల్లో ఆ వైరస్ ఎవరికీ కనిపించకుండా స్థిరపడుతుంది. నీ పని తేల్చే వారాల లెక్క ఇక్కడి వాళ్లకు కావాలి. అందుకే తొందరపడకు అంటున్నాను, మందగించమని కాదు.

ఒక్క మాట. టీకా లేని గుంపు పెట్టలు చచ్చిపోతుంటే చూడడం కష్టం. నీళ్ల నిపుల్ దాకా లేవలేని స్థితికి వచ్చిన పెట్టను అప్పుడే బాధ లేకుండా ముగించమని నియమావళిలో ముందే రాయించు, దాన్నీ చావు కిందే లెక్కించు. రాత్రి అంతా కొట్టుకుని పొద్దున చచ్చినా అంకెకు తేడా ఏమీ ఉండదు, ఆ పెట్టకు ఉంటుంది.

నీ జాగ్రత్తలు: గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు తలస్నానం తప్పించుకోకు. పనిలో ఉన్న రోజుల్లో కోళ్లు పెంచే వాళ్ల ఇళ్లకు, పార్కుల్లో బాతుల దగ్గరికి వెళ్లకు. కళ్లు ఎర్రబడినా, ఒళ్లు వెచ్చబడినా పడుకుని చూద్దాం అనుకోకుండా ఆ గంటే చెప్పు. 2003లో అక్కడ మనుషులకు అంటినప్పుడు చాలామందికి ముందు కళ్లే ఎర్రబడ్డాయి. మనుషులకు వేసే మామూలు ఫ్లూ టీకా ఏటా చలికాలం ముందు తప్పకుండా వేయించుకో. రెండు వైరస్‌లు ఒకే ఒంట్లో కలవకూడదు. వెళ్లిన వారంలోనే దాని సంగతి చూసుకుని, వేయించుకున్నానని మీ పెద్దమ్మకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
నీ పెదనాన్న