సేంద్రియపు సాగునకు మరలు క్రమము

రసాయనపు ఎరువులును పురుగుమందులును విడిచి సేంద్రియపు సాగునకు మరలవలయునని తలంచు సభ్యులు మన సంఘములలో పలువురు కలరు. మందుల ఖర్చు పెరుగుటయు, అప్పు తీరకుండుటయు ఇందుకు ముఖ్యకారణములు. కోరిక మంచిదే. అయినను క్రమము నెఱుగక ఒక్క యేటనే పొలమంతయు మార్చినవారు నష్టపడి, మరల బస్తాలకే చేయిచాచుట కద్దు. కావున మార్పు ఏరీతిగ జరుగవలయునో ఈ పాఠమున వివరించుచున్నాము.

మొదట దిగుబడి ఏల తగ్గును? యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్లు. అనగా 45 కిలోల బస్తాలో దాదాపు 21 కిలోలు. చివికిన పశువుల ఎరువులో నూటికి అరపాలు మాత్రమే యుండును. ఒక్క బస్తాకు సరితూగవలెనన్న నాలుగు టన్నుల ఎరువు వలయును. అదియు అంతయు ఆ యేడే పైరున కందదు. నేలలోని సూక్ష్మజీవులు దానిని కొంచెము కొంచెముగ మార్చి యిచ్చును. రసాయనములకు అలవాటుపడిన నేలలో ఆ జీవులు వృద్ధిపొందుటకు రెండు మూడేండ్లు పట్టవచ్చును. ఈ నడిమి కాలమే రైతునకు గండము.

ఈ సంగతి మరచినచో నేమగునో సింహళమును చూచి తెలిసికొనవచ్చును. 2021 మే నెలలో శ్రీలంక ప్రభుత్వము రసాయనపు ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించెను. బదులు ఎరువు రైతులకు చాలినంత అందలేదు. వరియు తేయాకును దెబ్బతినెను. నవంబరులోనే నిషేధమును చాలవరకు ఎత్తివేసిరి. అయినను బియ్యమును పరదేశములనుండి తెప్పించుకొనవలసి వచ్చెను.

ఇక నేటి జనగామ జిల్లాలోని ఏనెబావి గ్రామమును చూడుడు. అచటి రైతులు మొదట ఎఱ్ఱ గొంగళిపురుగును మందు లేకయే అదుపుచేయ నేర్చిరి. పిదప పురుగుమందులను, ఆపైని రసాయనపు ఎరువులను మానిరి. ఇట్లు మెట్టుమెట్టుగ నడచి 2006లో తమ యూరిని సేంద్రియ గ్రామముగ ప్రకటించుకొనిరి.

దీనిని బట్టి మన సభ్యులు అనుసరింపదగిన క్రమ మిది.

1. మొదటి యేడు భూమిలో నాలుగవ పాలు మాత్రమే మార్పునకు కేటాయింపుడు. తిండిగింజలును, అప్పు వాయిదాయు తక్కిన భూమినుండి రావలయును.

2. ముందు పురుగుమందులను మానుడు. 5 కిలోల వేపగింజల పప్పును పొడిచేసి, గుడ్డలో మూటకట్టి, నీటిలో రాత్రి నానబెట్టి పిండుడు. ఆ ద్రవమును వడగట్టి, 100 లీటర్లకు నీరు చేర్చి, కొంచెము సబ్బు కలిపి సాయంకాలమున చల్లుడు. పురుగు గ్రుడ్డుగను పిల్లగను ఉన్నప్పుడే ఇది బాగుగ పనిచేయును. ముదిరినపిదప ఫలము తక్కువ.

3. ఎరువును ఏటేట మూడవ పాలు చొప్పున తగ్గింపుడు. తొలకరి వానకు జీలుగయో, జనుమో, పిల్లిపెసరయో చల్లి, పూతకు వచ్చువేళ దున్నివేయుడు. గాలిలోని నత్రజనిని నేలకు చేర్చుటలో వీనికి మించిన చవుక సాధనము లేదు.

4. జీవామృతమునకు 200 లీటర్ల నీట 10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల మూత్రము, రెండేసి కిలోల బెల్లమును పప్పుపిండియు, గుప్పెడు గట్టుమట్టియు కలిపి రెండు దినములు నీడను పులియనిండు. ఇది ఎకరమునకు చాలును. ఇది నేలలోని జీవులకు ఊత మాత్రమే. పశువుల ఎరువునకును పచ్చిరొట్టకును బదులు కానేరదు.

5. అమ్మకమును ముందుగనే యోచింపుడు. జాతీయ సేంద్రియోత్పత్తి నిబంధనలలో ఏటిపంటలకు రెండేండ్లు, పండ్లతోటలవంటి వానికి మూడేండ్లు మార్పుకాలముగ సాధారణముగ విధించిరి. అంతవరకు పంటను సేంద్రియమని అమ్మరాదు. కాబట్టి హెచ్చు ధరను నమ్ముకొని అప్పు చేయకుడు. చిన్న రైతులు కనీసము ఐదుగురు కూడి, ఒకరి పొలము నొకరు తనిఖీ చేసికొను పి.జి.ఎస్. పద్ధతిలో చేరవచ్చును; అందు ఖర్చు స్వల్పము.

ఇక సంఘములు చేయవలసినది కలదు. పశువులు లేని సభ్యునకు ఉన్నవారినుండి పేడ ఇప్పించుట, పచ్చిరొట్ట విత్తనమును తొలకరికి ముందే తెప్పించుట, పీపాలను ఉమ్మడిగ కొనుట, మార్పుకాలమున వాయిదాలకు వెసులుబాటు కల్పించుట అట్టివి. ఒంటరి రైతు తాళలేని రెండు చెడ్డ పంటలను పదిమంది కూడినచో తాళగలరు. సభ్యులు ఖర్చును, దిగుబడిని, మార్చిన చెక్కకును మార్చని చెక్కకును వేరువేరుగ వ్రాసియుంచవలయును. రెండవ యేడు అడుగు ముందుకు వేయుటయో, ఆగుటయో ఆ లెక్కయే చెప్పును.